మద్దెల ఓడే

వీరయ్య నోరు జారి అన్న సామెత ఒకటి ఒక అమ్మాయి చేతిలోంచి గిటార్ లాగేసింది. ఆ సంగతి అతనికి తెలిసేసరికి మూడు వారాలు గడిచిపోయాయి.

తెలిసింది మంగళవారం పొద్దున. నరసరావుపేటలో పల్నాడు రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో అతని కొట్టు. బోర్డు మీద రేడియో, టీవీ, ఆంప్లిఫయర్ రిపేరు అని ఉంటుంది. రేడియోలు ఎప్పుడో పోయాయి. టీవీలు పలకల్లా పలచబడి కంపెనీ మనుషుల చేతుల్లోకి వెళ్ళిపోయాయి. మిగిలినవి ఆంప్లిఫయర్లు, వాటితోపాటు ఆరేళ్ళుగా గిటార్ పెడళ్ళు. గిటారుకీ ఆంప్లిఫయరుకీ మధ్య, వాయించేవాళ్ళ కాలి దగ్గర ఉండే చిన్న పెట్టె అది. కాలితో నొక్కితే ఒకటి గరగరలాడిస్తుంది, ఇంకొకటి ప్రతిధ్వని తెస్తుంది. కంపెనీ సరుకు కొనలేని చర్చి కుర్రాళ్ళకీ ఆర్కెస్ట్రా వాళ్ళకీ వీరయ్య చేసిపెడతాడు. కరెంటు పనివాళ్ళు వాడే ఇనప జంక్షన్ బాక్సుకి ఆకుపచ్చ రంగు వేసి, బండ్ల నంబరు ప్లేట్లు రాసే పెయింటర్ చేత మూత మీద తెల్లగా 'వీరయ్య' అని రాయిస్తాడు. మాచర్ల, గురజాల దాకా అలాంటివి ఇరవై రెండు తిరుగుతున్నాయి. పెళ్ళీ పెటాకులూ లేని ఒంటికాయ శొంఠికొమ్ము మనిషి. ఆ ఇరవై రెండు మూతల మీది పేరు తలుచుకుంటే అతనికి కడుపు నిండినట్టుండేది.

ఝాన్సీలక్ష్మి మెట్లెక్కి వచ్చి గిటార్ సంచీని బల్లమీద ఆనించింది. ముప్పాళ్ళ నుంచి బస్సులో వచ్చింది. జయకృష్ణ గారి ఆర్కెస్ట్రాలో రెండేళ్ళుగా గిటార్ వాయిస్తోంది.

"జాక్ వదులైంది బాబాయ్. వైరు పెడితే కరకరమంటంది. శనివారానికి చేసిపెట్టు."

"శనివారమేంది, రేపే తీసుకుపో. మీకు రిహార్సల్స్ ఉంటయ్ గదా."

"నాకు లేవు. శనివారం పెదకూరపాడు నుంచి ఒకాయన చూడటానికి వస్తన్నాడు."

"ఏం చూడటానికి?"

"గిటార్. నచ్చితే పట్టుకెళ్తాడు."

వీరయ్య చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. వచ్చే వారం శివరాత్రి. కోటప్పకొండ తిరునాళ్ళలో రంగుదీపాలతో వెలిగే ఎత్తైన విద్యుత్ ప్రభ కింద వేసిన స్టేజీ మీద వాయించడమంటే ఈ ప్రాంతం ఆర్కెస్ట్రా వాళ్ళకి ఏడాదికి ఒక్కసారి వచ్చే పంట. ఆ ముందు వారంలో గిటార్ అమ్ముకునే గిటారిస్టుని అతను ఎక్కడా చూడలేదు.

"ప్రభ మీద నేను లేను బాబాయ్. కీబోర్డులోనే గిటార్ సౌండ్ ఉందంట. వంశీ వాయించేస్తాడంట."

"అదేంది? ఎందుకని?"

ఆమె అతని మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

"నువ్వే అన్నావుగా," అంది. చీటీ కూడా అడక్కుండా మెట్లు దిగి బస్టాండు వైపు వెళ్ళిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. జయకృష్ణ గారి షామియానా గోడౌన్‌లో రిహార్సల్. ఆర్కెస్ట్రాకని తాను చేసిచ్చిన అయిదు పెట్టెలూ వరసగా ఆమె కాలి దగ్గర ఉన్నాయి. పాట మధ్యలో ఆపి, "బాబాయ్, ఈ పెట్టెలు ఆపేసినా సౌండ్ తినేస్తన్నాయి. ఎంత గట్టిగా మీటినా మొద్దుగా వస్తంది," అంది. తన సరుకుని, అందరి ముందు, నిన్నమొన్నటి పిల్ల. వీరయ్యకి ఒళ్ళు మండింది. "ఆపేసిన పెట్టె తినటమేందమ్మా? వేళ్ళలో బలం లేకపోతే పెట్టేం చేసుద్ది? ఆడలేక మద్దెల ఓడన్నదంట," అన్నాడు. గోడౌన్ అంతా గొల్లుమంది. అందరూ నవ్వారని అతనికి సంతోషం కూడా కలిగింది. తర్వాత ఆ పిల్లకి 'మద్దెల' అని పేరు పెట్టారని మాత్రం అతని చెవిన పడలేదు.

మధ్యాహ్నం కర్రీపాయింటు నుంచి తెచ్చుకున్న పప్పు పొట్లం విప్పి రెండు ముద్దలు తిన్నాడు. తనకు తాను సర్ది చెప్పుకున్నాడు. మాట కటువైతే కావచ్చు గానీ అబద్ధం కాదు గదా. పెట్టెలో లోపం లేదు, అది మాత్రం ఖాయం.

*

బుధవారం జాక్ పని పట్టాడు. పాతదాని మీది సీసాన్ని సోల్డరింగ్ ఇనుముతో కరిగించి, పీల్చి, కొత్తది బిగించి, రెండు తీగలూ అతికించాడు. పది నిమిషాల పని. అతికించాక పరీక్ష చేయాలి. ఇదివరకు పెడళ్ళని ఎప్పుడూ సెల్‌ఫోనుతో పరీక్షించేవాడు. ఫోనులో సన్నగా కూసే ఒక యాప్ ఉంది. దాన్ని పెట్టెలోకి పంపి, అటుపక్క స్పీకర్లో వినేవాడు. గిటార్ అతనికి వాయించటం రాదు, కొట్టులో ఒకటి ఉండేదీ కాదు. ఇవాళ జాక్ గిటారుది కాబట్టి గిటారునే మోగించాలి.

వైరు ఆంప్లిఫయర్‌కి పెట్టి, అన్నిటికంటే సన్నటి తీగని గోటితో మీటాడు. ఖంగుమంది. ఎదురు గోడ మీది కాలెండరు దాకా వెళ్ళి వచ్చినట్టుంది. జాక్ బాగుంది. పని అయిపోయింది.

అక్కడితో ఆపి ఉంటే ఈ కథ లేదు. అయితే జయకృష్ణ గారి అయిదు పెట్టెలూ తిరునాళ్ళ ముందు సర్వీసింగ్‌కని అలమరలోనే ఉన్నాయి. నిన్నటి నుంచి ఆ పిల్ల చూపు గుచ్చుకుంటూనే ఉంది. ఒక్కసారి అయిదింటినీ కలిపి మీటి, చూశావా అని గాలికైనా చెప్పుకుంటే మనసు కుదుటపడుతుందనిపించింది. వరసగా పెట్టాడు, చిన్న వైర్లతో ఒకదానికొకటి కలిపాడు, అన్ని స్విచ్చులూ ఆపేసి ఉన్నాయని దీపాలు చూసి రూఢి చేసుకున్నాడు. మీటాడు.

తడిగుడ్డ కప్పినట్టు వచ్చింది.

ఇంకోసారి మీటాడు. అంతే. వైరు మార్చాడు. ఆంప్లిఫయర్లో ఇంకో రంధ్రంలో పెట్టాడు. ట్రెబుల్ మీట ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పాడు. జాక్‌లన్నీ స్పిరిట్‌తో తుడిచాడు. తర్వాత, చెయ్యకూడదని లోపల ఏదో చెబుతున్నా, ఒక పెట్టె తీసేసి నాలుగింటితో మీటాడు. కొంచెం తేరుకుంది. ఇంకోటి తీశాడు. ఇంకాస్త. ఒక్కో పెట్టె తీసేకొద్దీ ఆ తీగ ఒక్కో మెట్టే ఎక్కి బయటికొచ్చింది. చివరికి ఒక్క పెట్టే మిగిలింది. అదీ తీసేసేసరికి మళ్ళీ ఖంగుమంది.

ఫోను పెట్టి చూశాడు. అయిదు పెట్టెలున్నా, ఒక్కటీ లేకపోయినా అదే కూత. ఇసుమంత తేడా లేదు.

వీరయ్య స్టూలు మీద కూలబడ్డాడు. ఫోనుకి లోపల బ్యాటరీ ఉంది, అది తోసుకుంటూ పోతుంది. గిటారులో ఏముంది? ఒక అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత రాగి తీగ. వేలు మీటితే పుట్టే కరెంటు చెంచాడు. తాను చేసిన ప్రతి పెట్టెలోనూ స్విచ్ ఆపినప్పుడు తెగేది బయటికి వెళ్ళే తీగ మాత్రమే. లోపలికి వచ్చే తీగ అతుక్కునే ఉంటుంది, దీపం ఆరిపోయినా తన వాటా తాను లాక్కుంటూనే ఉంటుంది. సాగర్ కాలవ మీద దారి పొడుగునా తలా ఒక తూము పెట్టుకుంటే చివరి పొలానికి తడి కూడా అందనట్టు, అయిదు పెట్టెలు దాటేసరికి ఆ చెంచాడులో మిగిలేది మొద్దు చప్పుడే.

అలా ఎందుకు పెట్టాడు? మాచర్లలో పని నేర్పిన గురువు మొదటి రోజే చెప్పాడు. "లోపలికొచ్చే తీగ జోలికి పోకురా, టప్పుమంటది. కోసేదేదన్నా బయటికిపోయే కాడ కొయ్యి." రేడియోలకి ఆ మాట వేదం. ముప్ఫై అయిదేళ్ళు దాన్ని తప్పలేదు. దాన్నే గిటారుకీ తగిలించాడు.

ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. ఆపేసిన పెట్టె తింటోంది.

ఈ మాట ఎవరితోనైనా అనాలనిపించింది. కొట్టులో ఎవరూ లేరు. రోడ్డు మీద పత్తి లోడు ట్రాక్టరు ఒకటి పోతోంది. పక్క కొట్టులో మిస్బా కుట్టుమిషను ఆగి ఆగి నడుస్తోంది. ఇన్నేళ్ళలో తను చేసినదాన్ని తన పక్కన నిలబడి విన్నవాళ్ళు ఒక్కరూ లేరన్న సంగతి వీరయ్యకి మొదటిసారి తట్టింది. తనే చేసి, తనే విని, బాగుందని తనే అనుకున్నాడు.

దొంగ ఆలోచన కూడా వచ్చింది, ఎందుకు దాచాలి. చప్పుడు చేయకుండా లోపల మార్చేసి సర్వీసింగ్ చేశానని ఇచ్చేస్తే ఎవరికి తెలుస్తుంది? పేరు దక్కుతుంది. పిల్లకి మాత్రం చేతకాదన్న పేరు ఉండిపోతుంది. సాయంత్రం దాకా ఆ ఆలోచనని అటూ ఇటూ తిప్పి చూశాడు, షట్టరు దించేటప్పుడు దాన్ని లోపలే వదిలేసి తాళం వేశాడు.

*

గురువారం జయకృష్ణ గారి గోడౌన్‌కి వెళ్ళాడు. చుట్టిపెట్టిన షామియానాల మధ్య రిహార్సల్ జరుగుతోంది. వంశీ కీబోర్డు మీద గిటార్ మోగిస్తున్నాడు. జయకృష్ణ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోన్లో ఎవరికో కుర్చీలు పంపే ఏర్పాటు చెబుతున్నాడు. తాతల నాటి నుంచి వ్యాపారస్తులు. షామియానా, వంటపాత్రలు, లైటింగు, వాటికి తోడు ఈ ఆర్కెస్ట్రా.

"రా వీరయ్యా. పెట్టెలు తెచ్చావా?"

"తేలేదండి. ఒక మాట చెప్పి పోదామని వచ్చా." పాట ఆగేదాకా నిలబడ్డాడు. "ఆ రోజు ఝాన్సీని నేను ఇక్కడే ఒక మాటన్నా. ఆడలేక మద్దెల ఓడని."

డ్రమ్ము దగ్గర ఎవరో అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు.

"మద్దెల ఓడేనండి," అన్నాడు వీరయ్య.

నవ్వు సగంలో ఆగింది.

"పెట్టెల్లో లోపముంది. ఆపేసినా తింటన్నయ్. ఆ పిల్ల చెప్పిందే నిజం. తప్పు నాది, చెయ్యి ఆమెది కాదు. అందరున్నప్పుడు అన్నా గనక అందరున్నప్పుడే చెప్తన్నా."

జయకృష్ణ ఫోను చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "నిన్నెవరన్నా అడిగారా వీరయ్యా? పెద్దోడివి. కీబోర్డుతో జరిగిపోతంది గదా."

"జరుగుద్దండి. నా మాట నేను వెనక్కి తీసుకోవాల గదా."

"మరి బయట ఊళ్ళకి ఇచ్చిన పెట్టెలు?"

"అన్నీ ఇంతే."

జయకృష్ణ అతన్ని కింద నుంచి పైదాకా చూశాడు. తన కొట్టు సరుకు చెడ్డదని తానే చెప్పుకునే మనిషిని ఆ ఇంట్లో ఎవరూ చూసి ఉండరు. "సరే. బాగుచేసి తీసుకురా. ఆదివారం ఆ అమ్మాయిని రమ్మను. విందాం. బాగుంటే స్టేజీ ఎక్కుద్ది, లేకపోతే కీబోర్డే," అన్నాడు. అనేసి మళ్ళీ ఫోను తీశాడు. వీరయ్యకి గుండె తేలికపడుతుందనుకుంటే పడలేదు.

*

శుక్రవారం గుంటూరు నుంచి బస్సు పార్సిల్లో తొమ్మిది కాళ్ళ స్విచ్చులు వచ్చాయి. వాటితో లోపలికొచ్చే తీగనీ బయటికి పోయే తీగనీ ఒకేసారి తెంపొచ్చు. అప్పుడు ఆపేసిన పెట్టె నిజంగానే ఆగుతుంది. పాతవి పీకి, తొమ్మిది కాళ్ళకీ తొమ్మిది తీగలు అతికించడం మొదలుపెట్టాడు. మధ్య మధ్యలో డైరీ తీసి పెట్టెలు కొన్నవాళ్ళకి ఫోను చేశాడు.

మాచర్ల పృథ్వీ మొదట ఎత్తాడు. "నీ పెట్టెలో లోపముందిరా, బస్సులో పంపించు, ఊరికే మార్చి ఇస్తా," అన్నాడు వీరయ్య.

అటుపక్క కాసేపు మాట లేదు. "అది... వాడట్లేదు అంకుల్. సౌండ్ పోతందని అప్పుడే తీసి పక్కన పెట్టా."

"ఎప్పుడు?"

"తీసుకున్న నెలకే."

"మరి నాకు చెప్పలేదే?"

"పెద్దాయనవి, బాధపడతావని."

గురజాల చర్చిలో వాయించే అతనూ అదే అన్నాడు. చానా మంచి పెట్టె అంకుల్ అని మొదలుపెట్టి, మెల్లగా, ఇంట్లో షోకేసులో పెట్టామన్నాడు. శావల్యాపురం వాళ్ళ పెట్టె ఎక్కడుందో వాళ్ళకే తెలియదు. పదకొండు మందికి చేశాక వీరయ్య డైరీ మూసేశాడు. ఆరేళ్ళుగా ఒక్క కంప్లయింటూ రాలేదని లోలోపల మురిసిపోయాడు. రాకపోవడానికి కారణం ఇదన్నమాట. అందరూ అతనంటే గౌరవం ఉన్నవాళ్ళే. ఆ గౌరవంతోనే అతని పెట్టెల్ని మూలన పడేశారు. నిజం చెప్పింది ఒక్కతే, ఆ పిల్లని తను నలుగురిలో నవ్వులపాలు చేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతిలో ఇనుము కాలుతోంది గనక తుడుచుకోలేదు.

సాయంత్రానికి అయిదూ అయ్యాయి. అలవాటు చొప్పున ఫోన్లో యాప్ పెట్టి, ఈసారి కూతని కింది నుంచి పైకి నడిపించాడు. బొంగురుగా మొదలై, సన్నబడి, ఇంకా సన్నబడి ఆగిపోయింది. ఫోను వంక చూశాడు. గీత ఇంకా పైకి కదులుతూనే ఉంది. స్పీకరు వైరు కదిపాడు. శబ్దం లేదు. మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. అక్కడికే వచ్చి ఆగింది.

పక్క కొట్టులోంచి మిస్బా తల బయటికి పెట్టింది. "వీరయ్యన్నా, ఆ ఈల ఆపవా. చెవుల్లో సూదులు గుచ్చినట్టుంది. ఎంతసేపని."

"ఇప్పుడు మోగతందా?"

"మోగటమేంది, నీకు వినపళ్ళా?" అంది ఆమె. అతను ఫోను ఆపాడు. "ఆ, హమ్మయ్య," అని ఆమె మళ్ళీ మిషను తొక్కుకుంది.

వీరయ్య చాలాసేపు ఆ ఫోనుని చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ముప్ఫై అయిదేళ్ళు హారన్ స్పీకర్ల మూతుల దగ్గర చెవి పెట్టి పనిచేసిన మనిషి. చెవుల్లో పైమెట్లు ఎప్పుడు ఊడిపోయాయో తెలియలేదు. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే, ఏమయ్యా కుక్కరు కూస్తుంటే వినపడటం లేదా అని ఎన్నడో అడిగేది. అడిగేవాళ్ళు లేని ఇంట్లో చెవి పోయినా తెలిసేది కాదు.

*

శనివారం పదింటికి ఝాన్సీలక్ష్మి వచ్చింది. పెదకూరపాడు ఆయన పన్నెండింటికి బస్టాండు దగ్గరికి వస్తాడు.

"గిటార్ అయిందా బాబాయ్?"

"అయింది. కాసేపు కూర్చో. రేపు రిహార్సల్‌కి నిన్ను రమ్మన్నారు."

"వంశీ చెప్పాడు. జయకృష్ణ గారు పొమ్మంటే పోవాల, రమ్మంటే రావాలనా?" అంది. "అందరి ముందు మద్దెల ఓడేనన్నావంట."

"అన్నా."

"ఎందుకన్నావు? నీ పేరేగా పోయేది."

"పేరు ఇరవై రెండు మూతల మీదుంది గానీ ఒక్కటీ మోగట్లేదంటమ్మా. నిన్న తెలిసింది." గిటార్ సంచీ ఆమె ముందుకి జరిపాడు. "నిన్ను అనరాని మాటన్నా. మనసులో పెట్టుకోబాక."

ఆమె తల దించుకుని సంచీ జిప్పు మీద వేలు పెట్టి అటూ ఇటూ జరిపింది. "మద్దెలా, మద్దెలా అని పిలుస్తుంటే మూడు వారాలు నేనే అనుకున్నా బాబాయ్, నా చేతిలోనే లేదేమోనని. ఇంటికాడ కూడా గట్టిగా మీటేదాన్ని," అంది. చూపుడు వేలి కొస చీలి, ఎండి, నల్లగా కాయకట్టి ఉంది. వీరయ్య దాన్ని చూసి చూపు తిప్పుకున్నాడు.

"పోయేముందు ఒక్కసారి ఈ అయిదూ పెట్టి వాయించి చూడు. నీ కోసం కాదు, నాకోసం."

ఆమె గిటార్ తీసి, తీగలు సరిచేసి, వైరు పెట్టింది. మీటింది. కొట్టంతా మోగింది. ఆమె మొహంలోని బిగువు సడలడం వీరయ్యకి కనపడింది. పెట్టెలన్నీ ఆపి ఒక చిన్న పాట వాయించింది, ఈసారి వేళ్ళు తీగల మీద తేలిగ్గా కదిలాయి. మిస్బా మిషను కూడా ఆగింది. వీరయ్యకి అంతా ఖంగుమంటూనే వినపడింది. అయిపోయిందనుకున్నాడు. రేపు జయకృష్ణ గారు వింటారు, ఆమె ప్రభ ఎక్కుతుంది, తన తప్పు దిద్దుకున్నట్టే.

ఆమె చెయ్యి ఆపింది. తల పక్కకి వంచి, ఇంకోసారి మీటి వింది. ఏదో అనబోయి మానుకుంది. అది వీరయ్య చూశాడు. పృథ్వీ ఫోన్లో మాట్లాడబోయే ముందు ఊరుకున్నది ఇలాంటి ఊరుకోవడమే.

"ఏంది? చెప్పు."

"ఏం లేదు బాబాయ్. బాగుంది. చానా బాగుంది."

"చెప్పమ్మా. నువ్వు కూడా చెప్పకపోతే ఎట్టా."

ఆమె తటపటాయించింది. "రెండో పెట్టె... ఇంకా కొంచెం తింటంది. పైన మెరుపులాగా ఉంటదే, అది కొంచెం మాసినట్టుంది. అది తీసేసి చూడు."

తీసేసి మీటింది. పెట్టి మీటింది. మళ్ళీ తీసి మీటింది. వీరయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. స్పీకర్ దగ్గరికి వంగి విన్నాడు. పెట్టినా తీసినా ఒకటే. మీటరు పెట్టాడు. ఆ పాత మీటరు ముల్లు కూడా రెండుసార్లూ ఒకే చోట నిలబడింది. స్విచ్ కాళ్ళు తొమ్మిదీ తనే అతికించాడు, ఒక్కొక్కటీ రెండేసి సార్లు చూశాడు. చెవి లేదంటోంది, మీటరు లేదంటోంది. ఉందంటోంది ఆ పిల్ల ఒక్కతే.

"వినపడిందా బాబాయ్?"

కాస్త తల ఊపితే సరిపోయేది. ఇన్నేళ్ళూ అలాగే గడిచింది.

"లేదమ్మా. నాకు ఆ పైనుండే సన్న చప్పుళ్ళు వినపడట్లేదు. నిన్ననే తెలిసింది. ఇంతవరకు ఎవరికీ చెప్పలా," అన్నాడు.

ఆమె గిటారు మెడ గట్టిగా పట్టుకుంది. "పోనీలే బాబాయ్, కొంచెమేలే. జయకృష్ణ గారికి తెలవదు."

"ఆయనకి తెలవదు, నాకూ తెలవదు. నీకు తెలుస్తంది గదా. ఉందన్నావు. ఉన్నట్టే."

స్విచ్చుకి ఇవతల, జాక్ దగ్గరే పాత తీగ ఏదో మిగిలి ఉండాలి అనుకుంటూ రెండో పెట్టె ముందుకి లాక్కున్నాడు. తన పేరున్న మూతకి నాలుగు స్క్రూలు. ఒకటి, రెండు విప్పాడు.

"ఎంతసేపు పడుద్ది?" అంది ఆమె గోడ గడియారం చూసి.

"ఏమో. నువ్వు బాగుందనేదాకా."

ఆమె ఇంకాసేపు నిలబడింది. తర్వాత గిటారుని ఒళ్ళో పెట్టుకుని స్టూలు బల్ల దగ్గరికి లాక్కుని కూర్చుంది. పెదకూరపాడు ఆయనకి ఫోను చేసి, రావద్దని, గిటార్ అమ్మడం లేదని చెప్పింది.